హమామ్ రాయి మీద ఆరిన శాలువా

పట్టన్ ఊరి చివరి ఇళ్ళు ఇంకా కనబడుతుండగానే సుమో ఆగిపోయింది. ముందెక్కడో ఆపిల్ పెట్టెల లారీ రోడ్డుకి అడ్డంగా పడిందనీ, క్రేన్ బారాముల్లా నుంచి రావాలనీ, అది బయల్దేరిందో లేదో ఆ పైవాడికే తెలియాలనీ డ్రైవర్ మంజూర్ దిగి వెళ్ళి కనుక్కొచ్చాడు. అక్టోబరు నెలాఖరులో, కాశ్మీర్‌లో శ్రీనగర్ వెళ్ళే ఆ రోడ్డు మీద ఇది మామూలే. నాలుగు జిల్లాల తోటలన్నీ ఒక్కసారిగా ఢిల్లీకి పరుగు పెడతాయి, మనుషులు మధ్యలో ఇరుక్కుంటారు.

కిటికీ పక్కన కూర్చున్న ఖజిర్ ఆ కబురు విన్నాడు గానీ విన్నట్టు తల కూడా ఊపలేదు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. ఈ ఏడు వసంతంలో, బాదం పూలు రాలే రోజుల్లో భార్య ముఖ్తీ పోయింది. అప్పట్నుంచీ ఆయనకి ఇంతే. అన్నంలో ఉప్పు ఉందో లేదో తెలీదు, చలి తెలీదు. ఆవిడని మట్టి చేసి వచ్చిన రోజు ఇరుగుపొరుగు గుండెలు బాదుకుంటుంటే, వచ్చిన వాళ్ళందరికీ టీలోకి పాలు చాలతాయా అని అడిగాడట. జనం దాన్ని గుండె నిబ్బరమనుకున్నారు. సోపోర్‌లో కూతురింట పది రోజులు ఉన్నాడు. వెళ్ళిపోవాలని అనిపించి కాదు, ఉండాలనీ అనిపించక లేచి వచ్చేశాడు.

పట్టన్‌లో ఎక్కి ఆయన పక్కన కూర్చున్నావిడ పేరు దిల్షాదా. యాభై దాటిన వయసు, బడిలో లెక్కలు చెప్పి చెప్పి గట్టిపడిన గొంతు. ఒళ్ళో పాలిథీన్ సంచి.

"ఎక్కడిదాకా అమ్మా?" అన్నాడు మంజూర్, ఊసుపోక.

"శ్రీనగర్. ఒక మనిషి మొహాన శాలువా విసిరికొట్టాలి."

"అదృష్టవంతుడు! నా మొహాన విసిరేవాళ్ళు చెప్పులే విసురుతారు."

"వీడికి చెప్పులు కూడా దండగే. ఖజిర్ రఫూగర్ అట, చిల్లు పడిన శాలువాలు బాగుచేసేవాడు, ఫతే కదల్‌లో ఉంటాడట. గొప్ప చెయ్యి, గొప్ప చెయ్యి అని ఊరంతా ఒకటే ఊదర. ఆరేళ్ళ కింద కుంపటి నిప్పు పడి మా అమ్మ పష్మీనా శాలువాకి చిల్లు పడితే మా తమ్ముడి చేత పంపించాను. బాగు చేసి పంపాడు. ఎక్కడ కుట్టాడో కళ్ళద్దాలు పెట్టుకు వెతికినా దొరకలేదు. ఇప్పుడు చూడండి కాకా, మీరే చూడండి, పెద్దవారు!"

సంచిలోంచి శాలువా తీసి ఖజిర్ ఒళ్ళో పడేసింది.

బాదం గింజ రంగు, అంచున సన్నని పువ్వులు. ఆ రంగు ఆయనకి సరిగా కనబడలేదు. పదిహేడేళ్ళుగా ఆయన కళ్ళకి లోకమంతా మజ్జిగలో ముంచినట్టే ఉంటోంది. కానీ వేళ్ళకి తెలిసిపోయింది. శాలువా రెండంగుళాలు కుంచించుకుపోయి, గుర్రం మీద వేసే కంబళిలా బిరుసెక్కింది. ఒక మూలకి దగ్గరగా, పాత రూపాయి బిళ్ళంత మేర, అప్పడంలా ఉబ్బి ఉంది. దాని మీద వేలు పెట్టగానే ఎవరి పనో తెలిసింది.

"నాసిరకం మిల్లు దారం పెట్టాడు, దొంగ," అంది దిల్షాదా. "లేకపోతే అక్కడే ఎందుకు ఉబ్బుతుంది? తప్పు ఆ చేతిదే కదూ?"

ఖజిర్ శాలువాని తిరగేసి అంచులు తడిమాడు.

రఫూ పనికి ఒక విచిత్రమైన గతి ఉంది. ఎంత బాగా చేస్తే అంత కనబడకుండా పోతుంది. పడుగుకీ పేకకీ మధ్య ఒక్కొక్క పోగే వేసి, కాలిపోయిన నేతని మళ్ళీ నేసినట్టు నింపుతాడు పనివాడు. అది మగవాళ్ళ పని అని శ్రీనగర్‌లో ఒక లెక్క, ఆడవాళ్ళది రాట్నం. ఖజిర్‌కి యాభై ఒకటో ఏట కళ్ళు మసకబారాయి. ఆ సంగతి బయటపడితే ఒక్క శాలువా కూడా గడప తొక్కదు. అందుకని కిటికీ దగ్గర ఆయన కూర్చునేవాడు, పరదా వెనక ముఖ్తీ కుట్టేది. మెట్ల మీద చెప్పుల చప్పుడు వినబడగానే సూదిని ఆయన వేళ్ళ మధ్య పెట్టి లోపలికి వెళ్ళిపోయేది. ఖాతాదారు వచ్చి, "ఏం చెయ్యి కాకా నీది!" అంటే ఈయన తలొంచుకునేవాడు. దాన్ని అణకువ అనుకునేవారు. నలభయ్యో రోజు ప్రార్థనకి వచ్చినవాళ్ళు, "పాపం, ఇల్లు బాగా చూసుకుంది" అన్నారు ముఖ్తీ గురించి. అప్పుడూ ఈయన నోరు విప్పలేదు. కూతురికి కూడా తెలీదు.

ఇప్పుడు పక్కనే కూర్చుని ఒకావిడ తిడుతోంది. ఆ చెయ్యి నాది కాదు అనడం ఎంతసేపు? నిజం కూడాను. కానీ మెచ్చుకోళ్ళన్నీ పదిహేడేళ్ళు తన పేరున పుచ్చుకుని, తిట్టు ఒకటి రాగానే దాన్ని పోయిన మనిషి మీదికి నెట్టడం అవుతుంది. అనకుండా దిగిపోతే, ముఖ్తీ పేరు ఏ ఒక్క మనిషి ముందూ పలకకుండానే ఈ జన్మ వెళ్ళిపోతుంది. ఇది ఆయనకి బాధగా తోచలేదు. దారంలో పడిన ముడిలా తోచింది, అంతే. ముడి ఎటు లాగితే వీడుతుందో చూడాలి.

"దేంతో ఉతికారు తల్లీ?" అన్నాడు.

"కాస్త గోరువెచ్చటి నీళ్ళతో. ఏదో పొడి."

"గోరువెచ్చటి నీళ్ళు ఇంత పని చెయ్యవు."

ఆవిడ కిటికీలోంచి బయటికి చూసింది. "మా ఇల్లు అదిగో, ఆ రేకుల కప్పు. ఈ బండి ఇవాళ కదిలేలా లేదు. టీ తాగుదురు రండి కాకా. పనివాళ్ళలా మాట్లాడుతున్నారు, మీకు ఇవి తెలుసా?"

"కొంచెం."

"వెళ్ళండి వెళ్ళండి," అన్నాడు మంజూర్. "క్రేన్ వస్తే హారన్ కొడతా. రాకపోతే నేనూ టీకి వస్తా."

దిల్షాదా భర్త సైఫుద్దీన్ వ్యవసాయ శాఖలో రిటైరై, ఇంట్లో ఏ పనికీ అడ్డు రాకుండా బతకడం నేర్చుకున్న మనిషి. భార్య తిరిగి రావడం చూసి, "విసిరికొట్టేశావా అప్పుడే?" అన్నాడు. తరవాత ఖజిర్‌ని చూసి, "వీరేనా ఆయన?" అన్నాడు భయంగా.

"కాదులెండి. దారిలో కలిశారు. సమవార్‌లో బొగ్గులెయ్యండి, టీ పెడదాం."

ఖజిర్‌ని హమామ్ గదిలో కూర్చోబెట్టారు. చలి మొదలవగానే వెలిగించేశారు కాబోలు, కింద మంట, పైన రాతిపలకలు, కూర్చుంటే పిర్రలు చుర్రుమంటున్నాయి. మూల రాగి గుండిగలో నీళ్ళు పొగలు కక్కుతున్నాయి. ఖజిర్ ఆ రాయి మీద అరచెయ్యి ఆనించి అడిగాడు.

"ఇక్కడే ఆరేశారా?"

దిల్షాదా గుండిగ వైపు చూసింది. సైఫుద్దీన్ చెప్పాడు. "ఆ గుండిగ నీళ్ళతోనే ఉతికింది, ఈ రాయి మీదే పరిచింది. నేను వద్దన్నాను."

"మీరెప్పుడన్నారు? త్వరగా ఆరుతుందిగా అన్నది మీరు!"

"అది నా బనీను గురించి."

మా వైపు ఇళ్ళలో హమామ్ రాయి మీద ఆరనిది లేదు. మిరపకాయలు, వంకాయ ముక్కలు, పిల్లల మేజోళ్ళు. ఆ అలవాటుపడ్డ చెయ్యే శాలువాని కూడా తీసుకెళ్ళి అక్కడ పరుస్తుంది. శాలువాల గురించి రాసిన పాత పుస్తకాలు నేను చాలా తిరగేశాను. అన్నీ ఉంగరం కథే చెబుతాయి, ఉంగరంలోంచి దూరిందా లేదా అని. వందేళ్ళు నిలిచిన శాలువా ఎందుకు నిలిచిందో ఒక్కడూ రాయడు. ఎవరో ఒక ఇల్లాలు ఏటా దాన్ని చల్లటి నీళ్ళలో జాడించి, మల్లు గుడ్డలో చుట్టి, పోయినేటి మడత మీద కాకుండా కొత్త మడత పెట్టి, మధ్యలో పురుగు పట్టకుండా చెంగల్వ కోష్టు వేరు ముక్క ఉంచింది కనక నిలిచింది. ఒకే మడత మీద ఏళ్ళ తరబడి ఉంటే బట్ట అక్కడే చిట్లుతుంది. మాసినదాన్ని దాస్తే చిమ్మట పురుగు ముందుగా చెమట పట్టిన చోటునే వెతుక్కుంటుంది. ఇవన్నీ రాజుల సంగతులు కావు గనక పుస్తకాలకి ఎక్కలేదు.

"కుంకుడుకాయలున్నాయా తల్లీ?"

"తలంటుకి నానబెట్టినవి ఉన్నాయి."

"ఆ రసం వడగట్టి తెండి. వెడల్పాటి బేసిను. నీళ్ళు బావివి, ఈ గుండిగవి కాదు."

బయట వసారాలో, నీడపట్టున కూర్చున్నాడు. నురగ వచ్చేదాకా రసాన్ని నీళ్ళలో కలిపి శాలువాని ముంచాడు. రుద్దలేదు. పసిబిడ్డ పొట్ట నొక్కినట్టు అరచేతులతో నొక్కాడు, ఎత్తేటప్పుడు కింద రెండు చేతులూ పెట్టి ఎత్తాడు. ఆ నీళ్ళు ఎముకలు కొరికేంత చల్లగా ఉండి ఉంటాయి. ఆయనకి అది తెలిసినట్టు లేదు.

"పిండొద్దా?" అంది దిల్షాదా, చేతులు దురద పెట్టినట్టు.

"పిండితే చచ్చిపోతుంది."

"ఇప్పుడు బతికుందా ఏమిటి?"

"అర అంగుళం వెనక్కి వస్తుంది. మిగతా అంగుళమున్నర పోయినట్టే. ఆశ పెట్టుకోకండి."

రెండుసార్లు జాడించాడు. పాత తువ్వాలులో పెట్టి చాపలా చుట్టి తడి లాగాడు. మంచం మీద దుప్పటి పరిపించి, దాని మీద శాలువాని పరిచి, మధ్యలోంచి అంచులకి అరచేతులతో కొంచెం కొంచెంగా సర్దడం మొదలెట్టాడు. చుట్టూ ఉన్న బట్ట సాగిన కొద్దీ ఆ ఉబ్బు తగ్గుతూ వచ్చింది. పూర్తిగా పోలేదు. వాన వెలిశాక నేల మీద మిగిలే చెమ్మలా, వెతికితే కనబడేంత మిగిలింది.

అప్పుడు ఆయన ఆవిడ చెయ్యి అడిగాడు.

"కళ్ళు మూసుకోండి. ఇక్కడ ముట్టుకోండి. ఎలా ఉంది?"

"బిరుసుగా. చాపలా."

"ఇక్కడ?"

"ఇక్కడా అంతే."

"ఇప్పుడు ఇక్కడ."

దిల్షాదా వేళ్ళు ఆగాయి. మళ్ళీ తడిమాయి. "ఇది మెత్తగా ఉందే," అంది. కళ్ళు తెరవలేదు. "మా అమ్మ కప్పుకున్నప్పుడు ఎలా ఉండేదో అలా ఉంది. ఇదేమిటి?"

"అదే రఫూ. మిల్లు దారం కాదు, ఇంట్లో రాట్నం మీద వడికిన పష్మీనా. పురి కాస్త గట్టిగా పట్టి, పోగులు దగ్గర దగ్గరగా వేసిన పని. మీ వేడికి శాలువా అంతా ముడుచుకుంది, అది ముడుచుకోలేదు. అందుకే ఉబ్బింది."

లెక్కలు చెప్పినావిడ. తప్పు ఎటు నుంచి ఎటు మారిందో తెలుసుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు. మొగుడి వైపు చూసింది. ఆయన ఆకాశంలో ఏదో ముఖ్యమైనది వెతుకుతున్నాడు.

"పొద్దుట్నుంచీ ఆ మనిషి ఏడు తరాలనీ తిట్టాను," అంది. "మీరు శ్రీనగరే కదా కాకా. ఎక్కడైనా ఖజిర్ కనబడితే చెప్పండి, దిల్షాదా అన్న మాటలన్నీ వెనక్కి తీసుకుందని. గొప్ప చెయ్యే అతనిది."

ఖజిర్ తడి చేతులు తన పొడుగాటి ఫెరన్ చొక్కా అంచుకి తుడుచుకున్నాడు.

"ఆ చెయ్యి ఖజిర్‌ది కాదు," అన్నాడు. "వాళ్ళావిడది. ముఖ్తీ అని. ఆ ఇంట్లోంచి పదిహేడేళ్ళుగా బయటికి వచ్చిన రఫూ ప్రతిదీ ఆవిడ చేసిందే. అతను ఊరికే కిటికీ దగ్గర కూర్చునేవాడు."

పేరు పైకి పలికాక లోపల ఏదైనా కదులుతుందేమోనని చూశాడు. ఏమీ కదల్లేదు. దూరంగా లారీల హారన్లు వినబడ్డాయి.

"ముఖ్తీ," అంది దిల్షాదా, హాజరు పట్టీలో కొత్త పేరు చదివినట్టు. "ఈ సంగతి ఎవరికీ తెలీదే! మీకెలా తెలుసు?"

ఆయన అప్పటికే వంగి బూట్లు తొడుక్కుంటున్నాడు.

"ఆవిడ ఉందా ఇంకా? ఫతే కదల్‌లోనే ఉందా? నేను వెళ్ళి కలుస్తాను. కాకా, మిమ్మల్నే!"

ఈలోగా లోపలికి జారుకున్న సైఫుద్దీన్ సమవార్ పట్టుకుని వాకిట్లోకి వచ్చాడు. "టీ అయింది! ఒక్క గుక్కైనా..."

ఖజిర్ గేటు తీసుకుని బయటికి నడిచాడు. రోడ్డెక్కాక, "కాకా, మన బండి ఇటు!" అని మంజూర్ కేకేశాడు. ఆగితే ఆవిడ వచ్చి మళ్ళీ అదే అడుగుతుంది. ఆయన ఆగలేదు. ఆగి ఉన్న ఆపిల్ లారీల పక్కనుంచి, మట్టి అంచు మీద, శ్రీనగర్ వైపు నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.