గుడారంలో మా అత్తగారు

నలభై దాటాక నాకు నిరాడంబర జీవితం మీద మోజు పుట్టింది. ఫోన్‌లో ఎవరెవరో కొండల మీద గుడారం వేసుకుని, నెగడు చుట్టూ కూర్చుని నవ్వుతుంటే, మనిషికి ఇంతకంటే ఏం కావాలి అనిపించేది. మా గూడూరులో కొండలు లేవు గానీ, కోట అనే ఊరు దాటి కాస్త దూరం పోతే సముద్రం ఉంది. ఆన్‌లైన్‌లో గుడారం తెప్పించి, శనివారం పోయి ఆదివారం వచ్చేద్దామని మా ఆవిడతో అన్నాను.

"అమ్మ వస్తే నేనూ వస్తా" అంది.

అత్తగారు మాతోనే ఉంటారు. "ఇంట్లో ఫ్యానుండగా ఇసకలో పండుకునేదేంది అబ్బయ్యా?" అన్నారు. అంటూనే సంచీ సర్దడం మొదలుపెట్టారు. తలా ఒక దుప్పటి చాలన్నాను. కారులోకి గ్యాస్ స్టవ్, కుక్కరు, ప్లాస్టిక్ కుర్చీలు, గోంగూర పచ్చడి, దిండ్లు ఎక్కాయి. నిరాడంబర జీవితానికి కావలసిన సామానుతో వెనక అద్దంలో రోడ్డు కనపడటం మానేసింది.

ఒడ్డున సరుగుడు తోట పక్కన చోటు చూసుకున్నాం. వీడియోలో గుడారం దానంతటదే విచ్చుకుంది. నా చేతుల్లో మాత్రం కర్రలూ గుడ్డా విడివిడిగా ఉండటానికే ఇష్టపడ్డాయి. "ఏమండీ, ఆ కర్ర ఇటు కదా" అని మా ఆవిడ కుర్చీలోంచి ఒకటి రెండుసార్లు అని, తర్వాత దయతలచి ఊరుకుంది. ఎలాగో నిలబెట్టాను. ఫోటో తీద్దామని వెనక్కి జరిగేసరికి గాలి లేచింది. ఇసుకలో దిగేసిన మేకులన్నీ ఊడి, గుడారం పల్టీ కొట్టుకుంటూ తోట వైపు బయల్దేరింది. దాని వెనక నేను. నా వెనక మా ఆవిడ నవ్వు.

పట్టి లాక్కొచ్చాను గానీ మేకులు నిలవవు. అప్పుడు అత్తగారు చెప్పులు విడిచి, వంగి లోపలికి దూరి, నట్టనడుమ మఠం వేసుకుని కూర్చున్నారు.

"ఇప్పుడెట్ట పోతాదో చూస్తా."

ఎటూ పోలేదు. ఆమె కూడా బయటికి రాలేదు. కుక్కరు కూత పెట్టాక అన్నం లోపలికే అందించాం. తింటూ అలల వైపే చూస్తున్నారు.

"కోటలో పుట్టినా గానీ, సముద్రం పక్కన ఒక్కనాడన్నా పండుకున్నది లేదు. పొద్దుగూకే లోపల ఇంటికి రావాలనేవోళ్లు" అన్నారు.

ముగ్గురికి సరిపోతుందన్న గుడారంలో దిండ్లు పోను ఇద్దరికే చోటు మిగిలింది. తల్లీకూతుళ్లు అందులో పడుకున్నారు. నేను కారులో, కుక్కరు పక్కన ప్రకృతికి దగ్గరయ్యాను.

మెలకువ వచ్చేసరికి ఎండ మొహాన కొడుతోంది. వాళ్లిద్దరూ చేతులు పట్టుకుని మోకాటి లోతు నీళ్లలో ఉన్నారు. అల వచ్చినప్పుడల్లా అత్తగారు చిన్నపిల్లలా కేక పెడుతున్నారు.

"సూర్యుడు పుట్టేటప్పుడు చూడాల్సింది అబ్బయ్యా! లేపినాం, మీరు లెయ్యలా."

ఎలా ఉందని అడిగాను.

"చెప్తే ఏం తెలస్తాది!" అని ఆమె మళ్లీ అలల వైపు తిరిగారు.

గుడారాన్ని మడిచి అది వచ్చిన సంచిలో పెట్టడం నా వల్ల కాలేదు. గూడూరు దాకా అత్తగారే దాన్ని ఒళ్లో పెట్టుకుని, ఇసుక దులుపుతూ కూర్చున్నారు.