అయ్యగారి గొంతు పోయిన వేసవి

ఆంధ్ర రాష్ట్రం వచ్చి, కర్నూలు రాజధాని అయిన కొత్తల్లో మేము పుల్లలచెరువు దాపున ఒక ఊళ్లో ఉండేవాళ్లం. మా ఆయన లూథరన్ పాస్టరు. నేను గుంటూరు దగ్గర కాలవ నీళ్లు తాగి పెరిగినదాన్ని. పెళ్లయ్యాక ఆయన వెంట ఆ రాళ్ల నేలకు వచ్చాను. అక్కడి నీళ్లకు పప్పు ఉడికేది కాదు.

పాస్టరు పనంటే ఆదివారం ప్రసంగమే అనుకుంటారు చాలామంది. మా దగ్గర అన్నిటికంటే తేలిక పని అదే. తెల్లారగానే ఆయన సైకిలెక్కేవారు. ఒక పల్లెలో బిడ్డకు బాప్తిస్మం, ఇంకో పల్లెలో మంచాన పడ్డ ముసలాయనకు ప్రార్థన. మొగుడూ పెళ్లాల తగువు. బావి దగ్గర మాటపడి ఖాళీ కడవలతో తిరిగొచ్చిన ఆడవాళ్ల తరఫున ఊళ్లోకి వెళ్లి రైతుల్ని బతిమాలుకోవడం. సాయంత్రానికి ఎక్కడో ఒకచోట సమాధి. అన్నిటికీ ఒకటే గొంతు. గుడి అంటే నాలుగు గుంజల మీద బోదగడ్డి కప్పు. పక్కల గోడలు లేవు, గాలి మాటల్ని ఎత్తుకుపోయేది. వెనక కూర్చున్న ముసలమ్మకు కూడా వినపడాలని ఆయన పట్టుదల. అందుకని అరిచేవారు.

ఇంటికొచ్చాక మెట్టు మీద కూలబడి, చెప్పులు విడిచి, అట్లాగే ఉండిపోయేవారు. ఊళ్లన్నిటికీ పంచగా నాకు మిగిలిన మాటలు మూడు: ‘ఊఁ’, ‘సరే’, ‘నీళ్లు’.

ఆ ఏడు వానలు సరిగ్గా పడలేదు. ఈస్టరు ముందటి శ్రమల కాలం మొదలయ్యేసరికే ఎండలు ముదిరాయి. ఆయన గొంతు అప్పటికే బొంగురుపోయి ఉంది. ఒకరోజు మధ్యాహ్నం సంఘపెద్ద ఆయన్ని రెక్క పట్టుకుని ఇంటికి తీసుకొచ్చాడు.

“అమ్మా, అయ్యగారికి మాట పడిపోయినాది” అన్నాడు.

మా వైపు మాట పడిపోవడమంటే పక్షవాతమే. “కాలూ చెయ్యీ ఆడుతున్నాయా?” అని అరిచాను.

“ఆడుతుండాయి తల్లీ. నడిచే వచ్చినాడు గదా. సమాధికాడ ప్రార్థనకని నోరు తెరిచినాడు, ఉత్త గాలి వచ్చింది. ప్రభువు ప్రార్థన నేను చెప్పించి మన్ను వేయించినా” అన్నాడు.

మర్నాడే బస్సెక్కి మార్కాపురం వెళ్లాం. డాక్టరు గొంతులోకి లైటు వేసి చూసి, నెలల తరబడి నోరు మెదపకూడదన్నాడు. గుసగుసలు కూడా వద్దన్నాడు. “మాట వినకపోతే ఉన్న గొంతు కూడా ఉండదు” అని నాకు ప్రత్యేకంగా చెప్పాడు. ఆయనకు చెప్పి లాభం లేదని మొహం చూసి గ్రహించినట్టున్నాడు. పలకల ఊరికి వెళ్లాం కనుక బస్టాండు దగ్గర దుకాణంలో పలకా బలపం కొన్నాను. తిరుగు బస్సులో ఆయన మొదట రాసిన మాట: ‘మంచి శుక్రవారం ఆరాధన ఎవరు చేస్తారు?’

“ఎవరో ఒకరు” అన్నాను. ఎవరూ లేరని ఇద్దరికీ తెలుసు. చుట్టుపక్కల పాస్టర్లకు వాళ్ల ఊళ్లే మోయలేనన్ని.

మా ఇంటి వెనక బీట్లో గొర్రెల మంద పెట్టుకునే ఒక ముసలామె ఉండేది. మా మతం కాదు, మా గుడికి ఎన్నడూ రాలేదు. సంగతి విని ముంతలో మేకపాలు తెచ్చింది. మిరియం వేసి కాచి ఇమ్మంది. “మాయమ్మే, ఆయన్ను నోరు మూసుకోమను. మా పొట్టేలన్నా గొంతు పోతే ఊరకుంటది. ఈ మనిషికి ఆ మాత్రం తెలవదా ఏంది?” అంది. ఆయన నవ్వారు. ఆ నవ్వుకు శబ్దం లేకపోవడం చూసి నాకు ఏడుపొచ్చింది.

మంచి శుక్రవారం నాడు పల్లెల నుంచి జనం నడిచి వచ్చారు. చంకల్లో పిల్లలు, సద్ది మూటలు. సువార్తలోని క్రీస్తు శ్రమల కథ నన్ను చదవమని ఆయన ముందే పలక మీద రాసి చూపించారు. సంఘపెద్దకు నచ్చలేదు.

“ఆడమనిషి గుడి ముందర నిలబడి చదివేది ఏందమ్మా? పై ఊళ్లోళ్లు ఏమనుకుంటారు?”

ఆయన పలక మీద రాసి పెద్ద ముందు పెట్టారు. పెద్దకు చదువు రాదు. నేనే చదవాల్సి వచ్చింది: ‘ఆమె చదువుతుంది. మీరు ప్రార్థన చేయండి.’ నేను కల్పించి చెబుతున్నానేమోనని పెద్దకు అనుమానం. పలకను అటూ ఇటూ తిప్పి చూశాడు. చివరికి మా ఆయన తల ఊపితే, “సరే కానీయండి” అన్నాడు.

చదివాను. మొదట తడబడ్డాను గానీ, చదువుతూ ఉండగా జనం కదలకుండా వింటున్నారని తెలిసి నిలదొక్కుకున్నాను. పాపాల ఒప్పుకోలు అందరం కలిసి చెప్పాం. ఆ తరవాత దేవుడు క్షమించాడన్న మాట చెప్పాల్సింది పాస్టరే. ఆయన తెల్లంగీతో లేచి నిలబడి నోరు తెరిచారు. ముందు వరసకు కూడా ఏమీ వినపడలేదు. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

అప్పుడు వెనక నుంచి ఒక బాలింత బిడ్డనెత్తుకుని లేచి వచ్చి, ఆయన దగ్గర తల వంచి నిలబడింది. ఆయన వంగి ఆమె చెవిలో చెప్పారు: నీ పాపములు క్షమింపబడియున్నవి. ఆమె వెళ్లి కూర్చుంది. ఇంకొకరు లేచారు. తరవాత అందరూ లేచారు. ఆపమని నేను సైగ చేశాను, కొంగు పట్టుకుని బతిమాలినట్టు చూశాను. ఆయన నా వైపు చూడలేదు. పొద్దు వాలేదాకా ఒక్కొక్కరి చెవిలో చెబుతూనే ఉన్నారు. ఆఖరికి పెదవులు మాత్రమే కదిలాయి.

అందరికంటే వెనక సంఘపెద్ద వచ్చాడు. విని, కింద కూర్చుండిపోయి కండువాతో మొహం కప్పుకున్నాడు. జనం వెళ్లిపోయాక నాతో అన్నాడు: “ఇన్నేండ్లు అందరితో కలిపి విన్నా తల్లీ. నాకొక్కడికే చెప్పినట్ల ఎన్నడూ లేదు.”

నాకు ఆ మాట తలకెక్కలేదు. ఆయన్ని ఎట్లా ఇంటికి చేర్చాలా అన్నదే నా ఆలోచన. రాత్రికి జ్వరం వచ్చింది. ఆ వేసవంతా ఆయన పలక మీదే బతికారు. ఇంటికొచ్చిన తగువుల్ని నేనే విని, నేనే తీర్చి, నేనే వంట చేసుకున్నాను. వానలు పడ్డాక మాట వచ్చింది గానీ, అది పగిలిన కుండ మోత. పాట మళ్లీ రాలేదు. పెళ్లి కాకముందు ఆయన నోట నేను విన్నది ఆ పాటే.

ఆ గొంతుతోనే ఇంకా కొన్నేళ్లు ఆ ఊళ్లే తిరిగారు. ఆయనకు విసుగు లేదేమో, నాకు మాత్రం ఒళ్లంతా అదే. గిద్దలూరుకు బదిలీ అయిందన్నప్పుడు నేను ఎందుకని అడగలేదు. సామాను కట్టాను.

గిద్దలూరులో ఇటుక గోడల గుడి. పాస్టరింటికి రైలు కూత వినపడేది. మొదటి ఆదివారం ఆరాధన ముగిశాక ఆయన భోంచేసి నడుం వాల్చారు. కాసేపటికి ఎవరో తలుపు తట్టారు. తీశాను. ఎవరిదో ఇల్లు, ఏదో తగువు, అయ్యగారు వెంటనే రావాలట.

“ప్రాణం మీదికేమైనా వచ్చిందా?” అని అడిగాను.

“లేదమ్మా, మాటామాటా అనుకున్యారు, అంతే.”

“అయ్యగారు పడుకున్నారు. సాయంత్రం రండి” అని తలుపు వేశాను. పాస్టరమ్మగా అంతకుముందు ఎవరితోనూ ఆ మాట అనలేదు. లోపలికి వెళ్లి ఆయన కాళ్ల దగ్గర చాప పరుచుకుని నేనూ పడుకున్నాను.