తాత కారు కింద రేకు పళ్లెం

మిత్రులారా, పొద్దున్నే మీ మనశ్శాంతి చెడగొడుతున్నందుకు యావత్ మానవాళికి క్షమాపణలు. మదనపల్లె షెడ్డులో గేర్ ఆయిల్ వాసనకు పుంగనూరులోని మా తాత పాత కారు, కారే ఆయిల్ పట్టడానికి దాని కింద పెట్టిన రేకు పళ్లెం గుర్తొచ్చాయి. మీ ఇళ్లలోనూ ఉండేది కదూ?

తాత స్నేహితుడు, మెకానిక్ మస్తాన్, గేర్‌బాక్స్‌కు ఆయిల్ ఆపే కొత్త రబ్బరు సీలు వేశాడు. కుప్పం పోయొచ్చేసరికి మళ్లీ కారింది.

"పని మర్చిపోయినావా మస్తానూ?" అన్నాడు తాత.

"సీలు బాగుండాది పెద్దాయనా, ఇంకోసారి సూస్తా."

"నా కారు ముట్టుకోవద్దు, పో."

మస్తాన్ మళ్లీ మా గడప తొక్కలేదు. తాత పోయిన రోజు గేటు బయటే నిలబడి వెళ్లిపోయాడు.

గేర్‌బాక్స్ పైనుండే చిన్న రంధ్రం వేడిగాలి పోయే దారనీ, మూస్తే ఆయిల్ సీలును తోసుకొచ్చి కారుతుందనీ ఇంజనీరింగ్‌లో తెలిసింది. చిన్నప్పుడు, సీలు వేసిన ఆ రోజు మస్తాన్ టీకి పోయినప్పుడు, అదీ లీకేననుకుని, పెట్రోల్ ట్యాంకు లీకుకు పెట్టినట్టే దానికి సబ్బు పెట్టి మూసింది నేనే.