ఒక్క పేరు మీద కట్టిన ఫీజు

బందరులో మేం అద్దెకున్న వాటాలో ఫోను లేదు. ఇంటివాళ్ళకి ఉండేది. నా భార్య ఐరోపాలో ఒక చిన్న దేశంలో నర్సుగా చేరి అప్పటికి ఏడాది దాటింది. తను రాత్రి డ్యూటీ దిగి ఫోను చేసేసరికి మాకు మధ్యాహ్నం భోజనాల వేళయ్యేది. ఇంటివాళ్ళావిడ వరండాలోకి వచ్చి, "మీ నర్సమ్మగారండీ!" అని కేకేసేది. అన్నం చెయ్యి కడుక్కోకుండానే పరిగెత్తేవాణ్ణి.

నేను చిలకలపూడిలో రోల్డుగోల్డు నగల కార్ఖానాలో లెక్కలు చూసేవాణ్ణి. నాలుగేళ్ళ మా పాప గుడివాడలో మా అక్క దగ్గర ఉండేది. శనివారం సాయంత్రం బస్సెక్కి వెళ్ళి, ఆదివారం పాపతో చర్చికి వెళ్ళి, సోమవారం పొద్దున్నే తిరిగొచ్చేవాణ్ణి.

నేనూ పాపా కూడా తన దగ్గరికి వెళ్ళిపోవాలని నిర్ణయించుకున్నాం. భార్య వెనక మొగుడు వెళ్ళడం కార్ఖానాలో వాళ్ళకి కొత్తగా తోచింది. "అయితే బావగారు అక్కడ వంట చేస్తారన్నమాట," అన్నాడొకడు. "ఇక్కడా నేనే వండుకుంటున్నాగా, అక్కడైతే తినడానికి ఇంకో ఇద్దరుంటారు," అన్నాను.

వీసా అర్జీలు ఢిల్లీలో ఆ దేశం వాళ్ళ ఆఫీసుకి పంపాలి. ఫీజు మాత్రం ఆ దేశపు డబ్బులోనే కట్టాలి. మనవాళ్ళెవరైనా అక్కడుంటే అక్కడి బ్యాంకులో కట్టి, రసీదు అర్జీతో పంపినా చాలన్నారు. తను ఇద్దరికీ కలిపి ఒకేసారి కట్టేసి, రసీదు మా వీధి చివర జిరాక్సు షాపుకి ఫ్యాక్స్ చేసింది. దాన్ని నా అర్జీకి పెట్టి, ఇంకో కాపీ తీయించి పాప అర్జీకి పెట్టాను. అంతా సవ్యంగా ఉందనుకున్నాను.

కొన్నాళ్ళకి కవరు వచ్చింది. నా పాస్‌పోర్టులో వీసా ఉంది. పాప పాస్‌పోర్టులో ఏమీ లేదు. పేజీలన్నీ తిప్పాను. రెండు పేజీలు అంటుకుపోయాయేమోనని గోటితో విడదీసి కూడా చూశాను. దానితో ఒక కాగితం వచ్చింది. ఫీజు అందనందువల్ల అర్జీ పరిశీలించలేదని అందులో ఉంది.

మర్నాడు ఫోనులో ఆ సంగతి చెబితే తను రసీదు తీసి చూసుకుంది.

"పేరన్నచోట మీ పేరు రాశానండీ," అంది ఏడుస్తూ. "మనింట్లో కరెంటు బిల్లు దగ్గర్నుంచి అన్నీ మీ పేరునే కదా. పాప పేరు విడిగా రాయాలని నాకు తట్టనేలేదు."

"నేను చూసి కూడా గమనించలేదులే. ఏడవకు."

"మీరైనా వచ్చేయండి. పాపని తర్వాత తెచ్చుకుందాం. ఈ ఇంట్లో ఒక్కదాన్నీ ఉండలేకపోతున్నాను."

"పాపని వదిలేసి ఎలా రానూ?"

"మీ వీసాకి గడువుంది కదండీ, దాటిపోతే?"

"పోతే పోనీ. మళ్ళీ పెట్టుకుందాం."

ధైర్యంగానే అన్నాను గానీ, ఫోను పెట్టేశాక నా వీసా మీద గడువు తేదీ మళ్ళీ తీసి చూసుకున్నాను.

ఆ శనివారం అక్క కూడా అదే మాట అంది. "ఒరే, అది అక్కడ ఒక్కతీ ఎన్నాళ్ళుంటుంది? నువ్వు ముందెళ్ళు. పిల్లకి నేను లేనా?"

"నువ్వున్నావక్కా. కానీ దానికేమని చెప్పను? అమ్మ వెళ్ళింది, ఇప్పుడు నాన్నా వెళ్తున్నాడనా?"

అక్క నా కంచంలో ఇంకో చేపముక్క వేసింది. అమ్మ దగ్గరికి వెళ్తున్నానని పాప అప్పటికే వీధంతా చాటేసింది. నేను దానికేమీ చెప్పలేదు.

నాగాయలంక మనిషి నా భార్య. ఏడ్చినంతసేపు ఏడుస్తుంది, ఆ తర్వాత లేచి పనిలో దిగుతుంది. ఢిల్లీ ఆఫీసుకి ఫోను చేసి అడిగితే, డబ్బు ఒక్కరి పేరునే వచ్చింది, అది ఇద్దరిదని బ్యాంకు రాసిస్తే చూస్తామన్నారట. డ్యూటీ దిగి యూనిఫాం మీదే బ్యాంకుకి వెళ్ళింది. ఒకసారి కట్టేశాక మార్చడం కుదరదని కౌంటరులో అమ్మాయి చెప్పింది.

"మార్చమనట్లేదు, కట్టింది ఇద్దరికని రాసివ్వండి చాలు అన్నానండీ," అని తర్వాత చెప్పింది నాకు. "మేనేజరు వచ్చేదాకా అక్కడే కూర్చున్నాను. ఆయన అంతా విని, మీ పాపకి ఎన్నేళ్ళని అడిగాడు. చెప్పాను. లోపలికెళ్ళి తనే టైపు చేసి తెచ్చాడు."

తను ఫ్యాక్స్ చేసిన ఆ ఉత్తరంలో తండ్రి పేరూ, కూతురి పేరూ విడివిడిగా ఉన్నాయి. దాన్ని జతచేసి పాప పాస్‌పోర్టు మళ్ళీ ఢిల్లీ పంపాను. అప్పట్నుంచి వీధిలో సైకిలు బెల్లు మోగితే చాలు, పోస్టుమాన్ వచ్చాడేమోనని గుమ్మంలోకి వచ్చేవాణ్ణి.

నా వీసా గడువు ఇంకా ఉండగానే రెండో కవరు వచ్చింది. మెట్ల మీద కూర్చుని చింపాను. వీసా ఉంది. దాని మీద పాప ఫోటో, స్టూడియోవాడు మొహమంతా పౌడరు అద్ది తీసింది. చూడగానే నవ్వొచ్చింది. నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళు.

ఇంటివాళ్ళావిడ కంగారుగా వచ్చింది. "ఏమైందండీ?"

"వచ్చిందండీ. పాపకి కూడా వచ్చింది."

"అమ్మయ్య! కూర్చోండి, కూర్చోండి, కాఫీ పెడతాను."

కాఫీ తాగి, కార్ఖానాకి సెలవు చెప్పి, నేరుగా గుడివాడ బస్సెక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది. పెడన దాటడం కూడా నాకు తెలియదు, నిద్రపోయాను. అన్నాళ్ళూ మంచం మీద రాని నిద్ర ఆ కుదుపుల్లో వచ్చింది.

గుమ్మంలో నన్ను చూసి పాప ఆశ్చర్యపోయింది. "ఇవాళ శనివారమా నాన్నా?"

"కాదమ్మా. ఊరికే వచ్చాను."

అక్క నా మొహం చూసే కనిపెట్టేసింది. తడి చేతులు చీరకి తుడుచుకుని, కళ్ళు మూసుకుని పైకే స్తోత్రం చెప్పింది. ముగ్గురం ఎస్టీడీ బూత్‌కి వెళ్ళాం. నేను రెండు మాటల్లో చెప్పాను. అవతల తను "ఆఁ?" అంది, మళ్ళీ "నిజంగానా?" అంది. ఫోను పాపకిచ్చాను. అది వీసా ఊసే ఎత్తలేదు. అత్త వాళ్ళ పిల్లి మూడు పిల్లల్ని పెట్టిందనీ, వాటిలో ఒకదానికి తోక పొట్టిగా ఉందనీ చెప్పుకుంటూ పోయింది. ఫోనులోంచి వాళ్ళమ్మ నవ్వు నాకూ వినబడింది. చాలా నెలలకి విన్నాను ఆ నవ్వు.

తిరిగొస్తూ పుల్లఐసు బండి ఆపి మూడు కొన్నాను. నడివీధిలో తినడానికి అక్క సిగ్గుపడి, పవిట కొంగు అడ్డం పెట్టుకుని ఇల్లు చేరేలోపే మొత్తం తినేసింది.