అమ్మ చేతికి వెలుగు గాజు

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. నేను పాఠం చెప్పకపోతే ఆళ్ళగడ్డ పిల్లలకి సైన్సు అందదని. బీఎడ్ అవ్వగానే అక్కడ ఒక చిన్న ప్రైవేటు బడిలో చేరి, రోజూ నంద్యాల నుంచి బస్సులో వెళ్ళొచ్చేదాన్ని. ఆ బడిలో ప్రయోగశాల అంటే ఒక చెక్క బీరువా. దాని తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలీదు. కాంతి తరంగాల వ్యతికరణం పిల్లల కళ్ళకు చూపించి తీరాలని నా పట్టుదల. (ఆ మాట బోర్డు మీద రాయగానే వెనక బెంచీ మొత్తం నిద్రకు సిద్ధమయ్యేది.) రంగు లేని గోళ్ళరంగు ఒక చుక్క నీళ్ళ మీద వేస్తే పలచని పొరగా పరుచుకుంటుంది. ఆ పొర పైనుంచి, అడుగునుంచి తిరిగొచ్చే వెలుగు కలిసినప్పుడు కొన్ని రంగులు బలపడతాయి, కొన్ని అణిగిపోతాయి, మనకి ఇంద్రధనుస్సు కనిపిస్తుంది. అంతకంటే చవకైన ప్రయోగం లేదు. చిక్కల్లా ముందు ఇంట్లో చేసి చూసుకోవడానికి గోళ్ళరంగు సీసా మా ఇంట్లోకి తేవడమే.

మా నాయన చర్చిలో సంఘపెద్ద. మా సంఘం ఆడవాళ్ళు బొట్టు, గాజులు, గోళ్ళరంగు ఏవీ పెట్టుకోరు. అమ్మ మాత్రం పెళ్ళికి ముందు చేతినిండా గాజులు వేసుకున్న మనిషి. నేను చెప్పే నాటికి ఆమె గుండె బాగా పాడైపోయింది, మందులతో నెట్టుకురావడమేనని డాక్టరు చెప్పేశాడు. మంచం మీద పడుకుని, వీధిలో గాజులమ్మే ఆమె కేక వినిపిస్తే తల అటు తిప్పేది. నాయన ఇంట్లో ఉంటే అప్పుడే గొంతు పెంచి ప్రార్థన మొదలుపెట్టేవాడు. "ఒక్కసారి ఏసుకుని తీసేస్తే ఏమైతాదే? మీ నాయన మనసు కష్టపడతాదని గానీ," అని అమ్మ ఒకసారి నాతో మెల్లగా అంది. అమ్మ చేతికి గాజులు చూడాలని నాకూ ఉండేది, నాయనను బాధపెట్టకూడదనీ ఉండేది. రెండూ ఆ ఇంట్లో కుదిరేవి కావు.

సీసాను టిఫిను డబ్బాలో దాచి తెచ్చాను. (మర్నాడు పెరుగన్నానికి కూడా ఆ వాసనే.) నాయన ప్రార్థన కూటానికి వెళ్ళాక అమ్మ మంచం పక్కనే నీళ్ళ గిన్నె పెట్టి చుక్క వేశాను. ముద్దకట్టింది. ఇంకోటి వేస్తే మునిగింది. "నీ పిల్లోల్లు పాసైనట్లే," అంది అమ్మ. కిందనుంచి పొరను ఎత్తడానికి నల్లటి, నున్నటి అట్ట కావాలి. ఇంట్లో అలాంటిది అమ్మ పాత ఎక్స్‌రే ఒక్కటే. కత్తెర పట్టుకుని నేను తటపటాయిస్తుంటే, "గుండె ఉండే చోటు ఇడ్సిపెట్టి కోయే. ఉండేదే అంత," అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

కోసిన ముక్కను గిన్నె అడుగున పెట్టి చుక్క వేస్తే ఈసారి పొర చక్కగా పరుచుకుంది. ముక్కను నీళ్ళలోంచి పైకి తీస్తే దాని మీద నీలం, పచ్చ, ఊదా. అమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. "తెల్లదాని మీద రాదా?" అని అడిగింది. అడుగున నలుపు ఉంటేనే రంగు తేలుతుందని చెప్పాను. పుట్టినప్పటి నుంచీ నల్లపిల్ల అనిపించుకున్న మనిషి, తన చెయ్యి తిప్పి చూసుకుంది. "అయితే నా చెయ్యి బాగా పనికొస్తాదే!" అని ఇంకో చుక్క వేయించుకుని మణికట్టు దాకా ముంచేసింది. పొర చేతి చుట్టూ గాజులా చుట్టుకుంది.

సరిగ్గా అప్పుడే నాయన వచ్చాడు. "ఏందీ వాసన? ఏం చేస్తాండారు?" అన్నాడు. అమ్మ చెయ్యి దుప్పట్లో దాచుకుంది. నేను భయంతో పాఠం మొత్తం ఒక్క ఊపిరిలో అప్పజెప్పాను. నాయన సీసాను ట్యూబులైటుకు ఎత్తి చూశాడు.

"దీంట్లో రంగు లేదే?"

"లేదు నాయనా."

"మరి మీయమ్మ చేతికుండేది యాడిది?"

"వెలుగుది నాయనా. వెలుగులోనే ఉంటాది."

దుప్పటి తీసి, అమ్మ చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. చాలాసేపు తిప్పాడు. "వెలుగు మనం చేసింది గాదు గదా," అని బయటికి వెళ్ళిపోయాడు. తెల్లారేసరికి ఆ పొర దానంతటదే రాలిపోయింది.

బడిలో ప్రయోగం బాగానే జరిగింది. ఆ ఏడు వానలు తగ్గకముందే అమ్మ పోయింది. సంఘం ఆడవాళ్ళు స్నానం చేయించి తెల్లచీర కట్టారు. నాయన నన్ను పెరట్లోకి పిలిచి, "పాపా, ఆ సీసా ఉందా?" అన్నాడు. ఎండిపోయిందన్నాను. చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. ఇంటినిండా జనం, పాస్టరుగారు ఎదురుచూస్తున్నారు, సంఘపెద్ద జాడ లేదు. జన్మలో ఫ్యాన్సీ స్టోరు గడప తొక్కని మనిషి, ఆడవాళ్ళ మధ్య నిలబడి రంగు లేని గోళ్ళరంగు అడిగి కొన్నాడట. వచ్చి గిన్నెలో నీళ్ళు తానే పోశాడు. కిటికీ తెరిచి, అమ్మ చెయ్యి తానే ఎత్తి నీళ్ళలో పెట్టాడు. నేను చుక్క వేశాను.

ఆనాటి నన్ను తలుచుకుంటే ఇప్పటికీ నవ్వూ ఏడుపూ కలిసే వస్తాయి. అమ్మ చేతి మీద మెరుస్తున్న పొరను చూసి సంఘంలో ఒకావిడ, "ఆ రంగు యాడిదమ్మా?" అని అడిగింది. ఏడుస్తూనే, వెక్కిళ్ళ మధ్య, తరంగాల దగ్గర మొదలుపెట్టి పాఠమంతా చెప్పాను. (టీచరు ఉద్యోగం అలాంటిది.) పాస్టరుగారు కూడా వింటూ నిలబడ్డారు. నాయన నన్ను ఆపలేదు. నా పాఠం అయ్యేదాకా అమ్మ చెయ్యి వెలుతురుకు ఎత్తి పట్టుకుని కూర్చున్నాడు.