మా గల్లీ మోరీ, నా డాక్టరేటు

పీర్జాదిగూడలో ఇళ్ల కంటే ఖాళీ ప్లాట్లే ఎక్కువగా ఉన్న రోజులవి. నా పేరు ముందు డాక్టర్ అన్న మాట కొత్తగా చేరిన రోజులు కూడా అవే. వాననీటి పారుదల మీద అయిదేళ్లు పరిశోధన చేసి, మేడిపల్లి దాటాక ఒక ఇంజనీరింగ్ కాలేజీలో సివిల్ పాఠాలు చెప్పేవాణ్ణి. కొత్తింటికి పేరు పలక ముందు బిగించి, కిటికీలకు తలుపులు తరువాత పెట్టించాను. (మా ఆవిడ ఆ వానాకాలమంతా కిటికీలకు దుప్పట్లు కట్టింది.) చదువు నెత్తికెక్కితే దిగడానికి కొంతకాలం పడుతుంది. నాకు మరీ ఎక్కువ కాలం పట్టింది.

మా గల్లీకి మోరీ లేదు. వాన పడితే మురుగంతా వాకిళ్లలోనే. అందరూ కలిసి మోరీ కట్టిద్దామనుకున్నప్పుడు కాలనీ సంఘం అధ్యక్షుడు, గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన రిటైర్డ్ గుమాస్తా, మా ఇంటికొచ్చి "మీలాంటివారు వీధిలో ఉండగా బయటివాళ్లని అడగడమెందుకండీ" అన్నారు. ఆ మాట వినడానికే అక్కడ ఇల్లు కట్టుకున్నానా అనిపించింది. ఆదివారం పొద్దున్నే కాలేజీ నుంచి ఎత్తుపల్లాలు కొలిచే లెవెల్ పరికరం తెచ్చి, మూడు కాళ్ల మీద నిలబెట్టి, ఒక కన్ను మూసుకుని గల్లీ అంతా చూశాను. గల్లీ అంతా నన్ను చూసింది. ఈ పనిలో దూరంగా ఒకరు అంకెల కర్ర పట్టుకుని నిలబడతారు. కర్ర మీద కనిపించే అంకె పెరిగితే అక్కడ నేల పల్లమని అర్థం. మొదటి ఏడాది పిల్లలకు ఆ సంగతి చెప్పేది నేనే. ఆ రోజు మాత్రం, నలుగురి కళ్లూ నా మీదే ఉన్నాయన్న మురిపెంలో, అంకె పెరిగిన చోటల్లా ఎత్తు అని రాసుకున్నాను.

పని చేయడానికి వచ్చింది పాలమూరు మేస్త్రీ. అందరూ ఆయన్ను మామ అనేవారు. నా కాగితం అటూ ఇటూ తిప్పి, "సారు, నీళ్లు గటు పోవు. మొన్న వానకు నేను సూసిన గద, ఇటే వచ్చినయి" అన్నాడు.

"కంటితో చూస్తే తెలియదు మామా. దీనికి లెక్క ఉంటుంది."

"ఉంటది సారు. గా లెక్క నీళ్లకు గూడ తెల్వాలె గద."

నేను నవ్వి, వాలు గురించి పావుగంట పాఠం చెప్పాను. ఆయన ఓపికగా విని, బీడీ ఆర్పేసి, నా కాగితం ప్రకారమే కట్టాడు.

మొదటి పెద్దవానకు మోరీ బ్రహ్మాండంగా పారింది. నేరుగా అధ్యక్షుడిగారి హాల్లోకి. సాయంత్రం అందరం ఆయన తడి వరండాలో కూర్చున్నాం. "ఏం జరిగిందంటారు ప్రొఫెసరుగారూ?" అని ఆయన మెల్లగా అడిగారు. ఏం జరిగిందో నాకు మధ్యాహ్నమే నోటుబుక్కు తీసి చూసుకున్నప్పుడు తెలిసిపోయింది. అయినా గొంతు సవరించుకుని, "డిజైన్ సరైనదేనండీ. అమలులో కొంత లోపం జరిగి ఉండవచ్చు" అన్నాను. (తరువాతి రోజుల్లో ఈ వాక్యం నేను సంతకం పెట్టిన ఎన్ని నివేదికల్లో పనికొచ్చిందో చెప్పలేను.)

గేటు దగ్గర నిలబడ్డ మామ నా వైపు తిరిగాడు. "పోనీ సారు, తప్పు నాదే అనుకోన్రి. మల్ల తవ్వి కడత" అన్నాడు. మేస్త్రీలు మట్టం చూసే సన్నని గొట్టంలో నీళ్లు నింపి, ఎటు పల్లమో ఆ నీళ్లనే అడుగుతూ నాలుగు రోజుల్లో మోరీని తిరగగట్టాడు. అది నేటికీ పారుతోంది. నేను మాత్రం ఆ అనుభవంతో నిర్మాణంలో మేస్త్రీల నిర్లక్ష్యం మీద ఒక పరిశోధన పత్రం రాశాను. సదస్సులో చప్పట్లు కొట్టారు. ఆ తరువాత విభాగాధిపతినయ్యాను, ప్రిన్సిపాల్నయ్యాను, చివరికి ఒక విశ్వవిద్యాలయానికే పెద్దనయ్యాను. తన తప్పు ఇంకొకరి మీద వేసి నిబ్బరంగా కూర్చోవడం వచ్చినవాడికి ఆ మెట్లు కష్టం కాదు.

తెలంగాణ వచ్చిన ఏడాది ఉప్పల్‌లో కడుతున్న ఒక భవనం ముందు మామ కనిపించాడు. జుట్టంతా నెరిసింది. కారు ఆపించి దిగాను. ఇన్నేళ్లూ మోసిన మాట ఎలాగో బయటికొచ్చింది. "మామా, ఆనాటి మోరీ విషయంలో తప్పు నాదే. నలుగురిలో చెప్పలేకపోయాను."

ఆయన తువ్వాలతో చేతుల సిమెంటు తుడుచుకుంటూ, "గా ముచ్చట గల్లీల అందరికి ఎరుకే సారు" అన్నాడు. "నీకొక్కనికే తెల్వదనుకున్నం."

మోరీ తరువాత మా కాలనీవాళ్లు నన్ను ఏ పనికీ పిలవలేదు. పెద్ద సారును ఇబ్బంది పెట్టకూడదన్న గౌరవం కాబోలని ఏళ్ల తరబడి మా ఆవిడతో చెప్పుకుంటూ వచ్చాను. అన్నేళ్లూ ఆ మాటకు ఆవిడ ఎందుకు నవ్వేదో ఉప్పల్ నుంచి ఇంటికెళ్లే దారిలో అర్థమై, నాకూ నవ్వొచ్చింది.