గోడ పక్కన కళ్ళి

నిన్న బాల్కనీ ఊడుస్తుంటే చీపురు తగిలి కుండీలో ఉన్న కళ్ళి చెట్టు ముళ్ళ కొమ్మ కొన విరిగింది. విరిగిన చోటు నుంచి పచ్చి దోసకాయ తరిగినప్పటి వాసన వచ్చింది, తీయబోతే వేలికి ముల్లు దిగింది. ఆ వాసనా ఆ మంటా కలిసిన క్షణంలో నాకు మా అవ్వ కేకలు వినిపించాయి. హొసూరులో నాలుగో అంతస్తులో నిలబడి ఉన్నానన్న సంగతే మరిచిపోయాను.

ఆ చెట్టును మా ఇంటికి తెచ్చింది తాత. డెంకణికోట అవతల అడవి అంచున ఉన్న బంధువుల రాగి చేలను ఏనుగులు తొక్కేశాయని తెలిసి పరామర్శకు వెళ్ళాడు. అక్కడ ఒక ఇంటి ముందు, ఆకన్నది లేకుండా, పలకలు పలకలుగా, కప్పు దాటి చేతులు పైకెత్తుకుని నిలబడ్డ ముళ్ళ మానును చూసి మనసు పారేసుకున్నాడు. దాని ముక్కనొకదాన్ని గోనెసంచిలో చుట్టి, టౌన్ బస్సులో ఒళ్ళో పెట్టుకుని, దారి పొడవునా పక్క సీటువాళ్ళ చేత తిట్లు తింటూ ఇల్లు చేరాడు.

"ఏనుగొచ్చినా దీన్ని దాటదు తెలుసా" అన్నాడు గర్వంగా.

"మన ఈదికి ఏనుగు యాడొస్తుందయ్యా? నీళ్ళ లారీనే సరిగ్గా రాదు!" అంది అవ్వ.

పక్కింటికీ మాకూ మధ్య ఉన్న పొట్టి గోడ వారగా, ఇటుక ముక్కలూ ఇసుకా కలిపి పోసి, తాత దాన్ని నాటాడు. ఎక్కువ నీళ్ళు పడితే కుళ్ళిపోతుందట. అందుకని పొద్దున్నే మంచులో తలకు మఫ్లర్ చుట్టుకుని, కాఫీ గ్లాసుతో దాని ముందు నిలబడి, నీళ్ళు పోయకుండా ఉండటమే ఆయన తోటపని. అది నేను బడికి పోయి వచ్చేలోగా పెరిగినట్టు అనిపించేది. కప్పు దాటింది, కొమ్మలేసింది, మా రబ్బరు బంతుల గాలి తీసింది, తాత పంచె పట్టుకుని ఆయన్నే లోపలికి పోనివ్వలేదు. వీధి క్రికెట్‌లో బంతి కళ్ళికి తగిలితే ఔట్, బంతి కొనిచ్చే పూచీ కూడా ఆ కొట్టినవాడిదే.

పుస్తకాల్లో దాని పేరు బ్రహ్మజెముడు. మా అవ్వకు మాత్రం అది కళ్ళి. ఆమె పుట్టిల్లు ఊత్తంగరై పక్కన పల్లె కాబట్టి ఆమె తెలుగులో సగం తమిళమే ఉండేది. గోడ అవతల గౌరక్కది మాలూరు వైపు, ఆమె తెలుగులో సగం కన్నడం. ఇద్దరికీ ఎంత స్నేహమంటే, చలికాలం మధ్యాహ్నాలు గోడకు చెరోవైపు కూర్చుని అనపకాయలు ఒలిచేవాళ్ళు, నానబెట్టిన గింజలను వేళ్ళ మధ్య పితికితే తొక్క ఒక ఇంట్లోకీ పప్పు ఒక ఇంట్లోకీ ఎగిరిపడేది, ఏది ఎవరిదో ఎవరూ అడిగేవాళ్ళు కాదు. ఉగాది నాడు గౌరక్క ఇంటి నుంచి నేతిలో మునిగిన ఒబ్బట్లు గోడ దాటి వచ్చేవి. నా మటుకు నాకు పండగంటే ఆ ఒబ్బట్టే, మిగతా అంతా తలంటు.

ఆ ఏడాది ఉగాదికి కట్టుకుందామని అవ్వ తన పట్టుచీరను పెట్టెలోంచి తీసి ఎండలో ఆరేసింది. గాలికి కొంగు ఎగిరి వెళ్ళి చెట్టుకు చిక్కుకుని బారెడు చిరిగింది. అవ్వ గోడ పక్కన నిలబడి వీధంతా వినబడేట్టు అరిచింది:

"ఈ కళ్ళిని ఇంక సహించేది లేదు! గోడ పక్కనే ఉండనిస్తే నెత్తికెక్కింది! ఉగాది అయిపోనీ, దీన్ని ఈడ లేకుండా చేస్తా!"

అన్నంత పనికీ సిద్ధపడింది. చెట్లు కొట్టే మనిషికి పండగ మర్నాడు రమ్మని కబురు పంపింది. తాత ముఖం మాడ్చుకుని చెట్టు చుట్టూ తిరగసాగాడు.

అవ్వ అరిచిన మరునాడు పొద్దున్నే గోడ మీద మునక్కాయల కట్ట కనిపించింది. "గౌరిది ఎంత మంచి మనసే!" అని మురిసిపోతూ అవ్వ సాంబారు పెట్టింది. ఆ తర్వాత గౌరక్క గోడ దగ్గరికి రావడం మానేసింది. ఎండలకు తలనొప్పేమోలే అనుకుంది అవ్వ.

ఉగాది వచ్చింది. గోడ మీదుగా నెయ్యి వాసన వచ్చింది, ఒబ్బట్టు మాత్రం రాలేదు. మధ్యాహ్నం దాకా ఓర్చుకుని, ఇక ఆగలేక గోడెక్కి అడిగేశాను.

"గౌరక్కా, ఒబ్బట్టు యాడ?"

"కళ్ళి ఒబ్బట్టు మీకొద్దులే పాపా" అంది ఆమె, ఎర్రబడ్డ ముక్కుతో.

నేను లోపలికి పరుగెత్తి, "అవ్వా, గౌరక్క కళ్ళితో ఒబ్బట్టు చేసిందంట!" అన్నాను.

అవ్వ తింటున్న ఎంగిలి చేత్తోనే గోడ దగ్గరికి ఉరికింది. "గౌరీ! అవి నోట్లో పెట్టొద్దే! కళ్ళి తింటే కడుపు చెడిపోతుందే!"

గౌరక్క భోరున ఏడ్చేసింది. "పండగనాడు కూడా కళ్ళి అంటారా అమ్మా? మీ మునగ కొమ్మ మా పక్కకి వంగింది గదా అని కాయలు కోసినాను. అవి కూడా తెచ్చి గోడ మీదే పెట్టేసినాను. అంతమాత్రానికే దొంగదాన్నైపోయినానా?"

"దొంగదనెవరన్నారే? నేను తిట్టింది ఈ ముళ్ళ చెట్టును!"

తాత అరుగు మీంచి పడీపడీ నవ్వడం మొదలుపెట్టాడు. "ఒసే, ఆయమ్మకు చెట్టయితే పాపాసుకళ్ళి. ఉత్త కళ్ళి అంటే కన్నడంలో దొంగదే!"

అవ్వ నాలుక కరుచుకుంది. "అయ్యో రామా! ఆ మునక్కాయలు నేను సాంబార్లో వేసుకుని తినేస్తినే!"

గౌరక్క చెట్టును చూసింది, అవ్వ ఎంగిలి చేతిని చూసింది, కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. గోడ మీద ఒబ్బట్ల పళ్ళెం పెట్టింది. చల్లారిపోయినా అంత రుచైన ఒబ్బట్టు నేను మళ్ళీ తినలేదు.

మర్నాడు చెట్లు కొట్టే మనిషి మచ్చుకత్తితో దిగాడు. అవ్వ అడ్డం నిలబడింది.

"పోప్పా పో! ఇది లేకపోతే నేను తిట్టింది ఎవర్నని గౌరి అనుకుంటుంది?"

కాఫీ ఇచ్చి పంపేసింది. తాత ఆనందం చెప్పనలవి కాదు. ఆనాటి నుంచి చెట్టు మీద కోపమొచ్చినప్పుడల్లా అవ్వ ముందు గోడ వైపు తిరిగి, "గౌరీ, చెట్టునే తిట్టేది!" అని కేకేసి, అవతలి నుంచి "సరే అమ్మా, కానీండి!" అని వినబడ్డాకే మొదలుపెట్టేది.

ఇప్పుడు అవ్వా తాతా లేరు. గౌరక్క కొడుకు దగ్గరికి బెంగళూరు వెళ్ళిపోయింది. ఆ ఇళ్ళ చోట షట్టర్ల దుకాణాలొచ్చాయి. పొట్టి గోడా పోయింది, కళ్ళి కూడా పోయింది, నేను తెచ్చుకున్న ఈ కొమ్మ ఒక్కటే మిగిలింది. మా అమ్మాయి దీన్ని కాక్టస్ అంటుంది. ఆ మాటకు ఏ భాషవాళ్ళకూ కోపం రాదు.

నిన్న ముల్లు దిగినప్పుడు నేను కూడా గట్టిగా "ఓసి కళ్ళీ!" అని అరిచాను. అరిచి, అలవాటుగా పక్క బాల్కనీ వైపు తిరిగి, "చెట్టునేనండీ!" అన్నాను. ఆ ఫ్లాటులో ఎవరుంటారో, ఏ భాష మాట్లాడతారో నాకు తెలియదు. కాసేపు ఎదురుచూశాను. వాళ్ళ తలుపు తెరుచుకోలేదు.